యూరప్ చరిత్ర మీద పెద్ద పుస్తకాలు చదవడం ఎలాగ: మన దండకవిలె దగ్గర్నుంచి మొదలెడదాం

మా మేనల్లుడు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాడు, హిస్టరీ గ్రూపు. సంక్రాంతి సెలవలకి విజయనగరం మా ఇంటికొచ్చినప్పుడు సంచిలోంచి ఒక స్పైరల్ బైండింగ్ తీసి నా ముందు పెట్టాడు. ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లోక్ రాసిన ఫ్యూడల్ సొసైటీ, ఇంగ్లీషు అనువాదం. "ఏటి మావయ్యా ఇది, ఒక్కో లైను చదివితే అర్థమవుతోంది, పేజీ అయిపోయేసరికి ఏం చెప్పాడో ఒక్క ముక్క కూడా ఉండట్లేదు, మూడుసార్లు మొదలెట్టాను, ఇరవయ్యో పేజీ దాటలేదు" అన్నాడు. వాడికి ఇంగ్లీషు రాక కాదు, వాడి ఇంగ్లీషు బాగానే ఉంటుంది. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను, మధ్యయుగం మీదా దాని తర్వాత వచ్చిన మూడొందల ఏళ్ళ (ఎర్లీ మోడర్న్ అంటారు) మీదా పుస్తకాలు పదిహేనేళ్ళుగా చదువుతున్నాను, మొదట్లో నాకూ సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి వాడి బాధ నాకు తెలుసు. భోగి నుంచి ముక్కనుమ దాకా రోజూ సాయంత్రం డాబా మీద కూర్చుని వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను, మన జిల్లాల్లో ఇలాంటి పుస్తకం చేత్తో పట్టుకుని ఒంటరిగా కూర్చున్న పిల్లలు ఇంకా ఉంటారు కదా.

ముందు అసలు చిక్కు ఎక్కడుందో చెప్తాను. మనం చిన్నప్పట్నుంచి టెక్స్ట్ బుక్ చదివిన అలవాటుతో ఈ పుస్తకాలు తెరుస్తాం. టెక్స్ట్ బుక్కులో ప్రతి లైనూ బిట్టే, ప్రతి సంవత్సరమూ బిట్టే, అన్నీ గుర్తుపెట్టుకోవాలి, అందుకే పెన్సిల్ పెట్టి గీతలు కొడతాం. పరిశోధన పుస్తకం అలాగ రాయరు. అది ఊళ్ళో పెద్దమనుషుల ముందు తగువు చెప్పుకున్నట్టుంటుంది. ఒకాయన లేచి నిలబడి, ఇన్నాళ్ళూ ఈ విషయం గురించి మీరంతా అనుకుంటున్నది సరి కాదు, అసలు జరిగింది ఇది, ఇదిగో నా సాక్షులు అని మూడొందల పేజీలు మాట్లాడతాడు. తగువు వినేటప్పుడు మనం ప్రతి మాటా బట్టీ పట్టం కదా, ఈయన ఏం అడుగుతున్నాడు, ఎవరి మాట కాదంటున్నాడు, చూపిస్తున్న కాగితాలు ఎలాంటివి, ఈ మూడూ చూస్తాం. పుస్తకం చదివేటప్పుడు కూడా ఈ మూడే పట్టుకోవాలి, మిగతాదంతా వీటి చుట్టూ దానంతటదే వచ్చి నిలబడుతుంది.

రెండో సంగతి, బ్లోక్‌తో మొదలెట్టొద్దు. గొప్ప పుస్తకమే, 1939, 40ల్లో ఫ్రెంచిలో రెండు భాగాలుగా వచ్చింది, కానీ అది అప్పటికే చాలా చదివినవాళ్ళతో ఆయన మాట్లాడిన మాట. అలాగే ఐదొందల ఏళ్ళ యూరప్ మొత్తం ఒకే పుస్తకంలో చెప్పే లావుపాటివి కూడా మొదటే వద్దు, అందులో రాజుల పేర్లు వరదలో కర్రల్లాగ కొట్టుకొచ్చి కొట్టుకుపోతాయి. ఒక్క ఊరి మీదో, ఒక్క మనిషి మీదో, ఒక్క కోర్టు కేసు మీదో రాసిన చిన్న పుస్తకం పట్టుకోండి. మనకి ఊరు తెలుసు. ఊళ్ళో పన్నులు, గుడి మాన్యం, పూజారి, మోతుబరి, అప్పులు, కక్షలు ఇవన్నీ ఎలా పనిచేస్తాయో ఢిల్లీలో పుట్టి పెరిగినవాడి కన్నా మనకే బాగా తెలుసు, ఈ బలం ఇక్కడ చాలా పనికొస్తుంది.

నేను మా వాడికి ఇచ్చిన మొదటి పుస్తకం ఈమన్ డఫీ 2001లో రాసిన ద వాయిసెస్ ఆఫ్ మోర్‌బాత్. ఇంగ్లండులో డెవన్ ప్రాంతంలో మోర్‌బాత్ అనే మారుమూల పల్లె, ముప్పై చిల్లర కుటుంబాలు, క్రిస్టఫర్ ట్రికీ అనే పాస్టరు 1520 నుంచి 1574 దాకా అక్కడే ఉన్నాడు, యాభై నాలుగేళ్ళు ఒకే ఊరు. ఆయన చర్చి జమాఖర్చులు స్వయంగా రాసి ఊరివాళ్ళందరి ముందు పైకి చదివేవాడు. ఆ లెక్కల పుస్తకం మిగిలింది, దాని మీదే డఫీ మొత్తం పుస్తకం కట్టాడు. అక్కడ ఏం జరిగేదంటే చర్చిలో ఒక్కో సెయింటు బొమ్మ ముందు దీపం వెలగడానికి ఒక్కో నిధి ఉండేది, ఆ నిధికి గొర్రెలుండేవి, ఆ గొర్రెల్ని ఊరివాళ్ళు తలా ఒకటి తమ మందలో కలిపి మేపేవాళ్ళు, ఉన్ని అమ్మిన డబ్బు దీపానికి. ఇది చదవగానే మా వాడు "మావయ్యా ఇది మన ముఖలింగం శాసనాల్లాగే ఉందే" అన్నాడు. నిజమే, మన గుళ్ళలో అఖండ దీపానికి పశువుల్నో మాడల్నో ఇచ్చి, ఆచంద్రార్కం అని రాయించిన శాసనాలు ఎన్నున్నాయో. ఆ పోలిక కుదిరిన క్షణం నుంచి వాడికి ఆ పుస్తకం పరాయి దేశంది అనిపించలేదు. 1538లో ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం బొమ్మల ముందు దీపాలు ఆపెయ్యమంది, హెన్రీ కొడుకు ఆరో ఎడ్వర్డ్ రోజుల్లో మిగతా పాత పద్ధతులన్నీ కూడా తీసేశారు, మతం మారడమంటే పైనెక్కడో రాజు సంతకం పెట్టడం అనుకుంటాం గానీ ఆ లెక్కల్లో అది ఎవరి గొర్రె ఎటు పోయింది అనేదాకా దిగి కనిపిస్తుంది. చెప్పిందల్లా చేసిన ఆ ఊరే 1549లో ఈ మార్పుల మీద తిరగబడ్డవాళ్ళ శిబిరానికి ఐదుగురు కుర్రాళ్ళని ఖర్చులిచ్చి పంపింది, అది కూడా లెక్కల్లోనే ఉంది. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

కరణాలు రాసిన ఊరి లెక్కలు, అంటే దండకవిలెల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా వినుంటే, కంపెనీ దొర మెకంజీ సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, ఒకటో రెండో చదివుంటే, ఇలాంటి కాగితం మీకు కొత్త కాదు. ఊరి లెక్క రాసినవాడు ఏం రాస్తాడు, ఏం దాస్తాడు, ఎవరికి భయపడతాడు అనేది మనకి సగం తెలిసిన విషయమే.

సరే, పుస్తకం చేతికొచ్చింది. మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టకండి. పావుగంట దాన్ని చుట్టూ తిరిగి చూడండి, ఇల్లు కొనేముందు చూసినట్టు. ముందు ఏ సంవత్సరంలో వచ్చిందో చూడాలి, అనువాదమైతే అసలు భాషలో ఎప్పుడు వచ్చిందో కూడా చూడాలి, 1980లో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఇటాలియన్లో 1976ది కావచ్చు, 1970ల మనిషి 1970ల గొడవలతో రాస్తాడు. తర్వాత విషయసూచిక, ఆ తర్వాత ముందుమాట పూర్తిగా, నెమ్మదిగా, అవసరమైతే రెండుసార్లు. రచయిత తన తగువు ఏంటో అక్కడే చెప్పేస్తాడు. అక్కడ్నుంచి నేరుగా చివరి అధ్యాయానికి వెళ్ళిపోండి. మా వాడు "అలాగైతే సస్పెన్సు పోతుంది కదా" అన్నాడు. ఇది నవల కాదు నాయనా, చివరికి ఎక్కడికి తీసుకెళ్తాడో తెలిస్తేనే మధ్యలో ఏ రోడ్డు ఎందుకు ఎక్కాడో తెలుస్తుంది. ఆ తర్వాత వెనకున్న ఇండెక్స్ చూడండి, ఏ పేరు పక్కన పేజీ నంబర్లు ఎక్కువున్నాయో అదే పుస్తకానికి గుండెకాయ. ఇవన్నీ అయ్యాక మీ మాటల్లో, తెలుగులో, నాలుగు లైన్లు రాయండి, ఈయన ఏం నిరూపించాలనుకుంటున్నాడు అని. తెలుగులో రాయమని ఎందుకంటున్నానంటే ఇంగ్లీషులో అయితే ఆయన వాక్యమే ఎత్తి రాసేస్తాం, అర్థమైందనుకుంటాం, తెలుగులోకి తేవాలంటే మాత్రం అర్థం కాకుండా కుదరదు. నేను ఈ పని చెయ్యకుండా ఒకసారి ఆరొందల పేజీల పుస్తకం వేసవి సెలవలంతా కూర్చుని వరసగా చదివాను, జూన్‌లో బడి తెరిచాక తోటి మాస్టారు అందులో ఏముందండీ అనడిగితే రెండు వాక్యాలు కూడా చెప్పలేకపోయాను. ఆ నెలన్నర నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు కాగితాల సంగతి, దీని మీదే ఎక్కువసేపు ఉంటాను ఎందుకంటే మొత్తం కిటుకు ఇందులోనే ఉంది.

ఇమాన్యుయేల్ ల రోయ్ లదూరీ అనే ఫ్రెంచి చరిత్రకారుడు 1975లో మోంతాయూ అనే పుస్తకం రాశాడు. ఫ్రాన్సు దక్షిణాన పిరనీస్ కొండల్లో మోంతాయూ ఒక పల్లె, సుమారు రెండొందల యాభై మంది. అక్కడివాళ్ళలో చాలామంది కాథర్లు అనే మతశాఖని నమ్మారని చర్చి విచారణ చేసింది. విచారణ చేసింది ఝాక్ ఫూర్నియే, పామియే బిషప్పు, తర్వాత 1334లో పోప్ అయ్యాడు. 1318 నుంచి 1325 దాకా ఆయన సాక్షుల్ని పిలిచి అడిగినవన్నీ రాయించాడు, ఎవరు ఎవరింట్లో పడుకున్నారు, ఎవరు ఎవరికి పేలు తీశారు, గొర్రెల కాపరులు కొండల మీద ఏం మాట్లాడుకున్నారు, అన్నీ. చదువుతుంటే ఆ ఊరివాళ్ళు మన పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. అక్కడే జాగ్రత్తపడాలి. ఆ రైతు మాట్లాడింది ఆక్సితన్ అనే వాళ్ళ ఊరి భాషలో, గుమాస్తా రాసింది లాటిన్లో, చరిత్రకారుడు చెప్పింది ఫ్రెంచిలో, మనం చదువుతున్నది ఇంగ్లీషులో, పైగా ఆ ఇంగ్లీషు అనువాదం చాలా కుదించింది. మన పాలకొండ వైపు ఒక మనిషిని స్టేషనుకి తీసుకెళ్ళి, ఆయన తన యాసలో "నానేటీ సెయ్యలేదు బాబూ" అంటే దాన్ని రైటరు ఇంగ్లీషులో స్టేట్‌మెంటుగా రాసుకుంటే ఆ మనిషి గొంతు అందులో ఎంత మిగులుతుందో ఆలోచించండి. పైగా అడుగుతున్నవాడి చేతిలో జైలుంది, చెప్పేవాడికి ప్రాణభయం ఉంది. అలాగని ఆ కాగితం పనికిరాదని కాదు, అది లేకపోతే ఆ మనుషులు మనకి అసలు తెలిసేవాళ్ళే కాదు. కానీ ప్రతి పేజీ దగ్గరా ఇది ఎవరు అడిగితే వచ్చిన జవాబు అని అడుగుతూ చదవాలి. లదూరీ ఆ పని చాలినంత చెయ్యలేదని చాలామంది విమర్శించారు, నాకూ ఆ విమర్శ సబబే అనిపిస్తుంది, అయినా ఆ పుస్తకం నాకు ప్రాణం.

ఇదే రకం కాగితాల్ని ఇంకా జాగ్రత్తగా చదివినవాడు ఇటలీ చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్. ద చీజ్ అండ్ ద వర్మ్స్, ఇందాక 1976 అని చెప్పింది దీని గురించే. ఇటలీలో ఫ్రియులి ప్రాంతంలో మెనోక్కియో అని పిలిచే ఒక మిల్లు నడిపే మనిషి, పాలు విరిగి జున్ను అయినట్టు ఈ ప్రపంచం గడ్డకట్టిందని, అందులో పురుగులు పుట్టినట్టు దేవదూతలు పుట్టారని ఊరంతా చెప్పుకు తిరిగాడు. 1584లో విచారణ, పదిహేనేళ్ళకి మళ్ళీ విచారణ, చివరికి చంపేశారు. ఆయన చదివిన పుస్తకాలు ఏవేవో విచారణ కాగితాల్లో ఉన్నాయి, గింజ్‌బర్గ్ ఆ పుస్తకాల్లో అసలు ఏముంది, మెనోక్కియో దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడు అని పక్కపక్కన పెట్టి చూశాడు, ఆ తేడాలోంచి ఒక పల్లెటూరి మనిషి బుర్రలో ముందే ఉన్న ఆలోచనల్ని పట్టుకున్నాడు. పుస్తకం చిన్నది, ఒక్కో అధ్యాయం రెండు మూడు పేజీలే, విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్ స్టేషన్ వెళ్ళే లోపు నాలుగైదు అయిపోతాయి. రెండో పుస్తకంగా ఇదే చదవండి.

ఫుట్‌నోట్లు చూసి భయపడొద్దు. మొదటిసారి చదివేటప్పుడు వాటిని వదిలేసి పైన చదువుకుంటూ పోండి. ఏదైనా ఒక మాట మీకు అనుమానంగా అనిపించినా, అబ్బ భలే చెప్పాడే అనిపించినా, అప్పుడు కిందకి దిగండి, ఈ మాటకి సాక్ష్యం ఏంటి అని. కింద ఒక పాత దస్తావేజు ఉందా, లేక ఇంకో చరిత్రకారుడి పుస్తకం పేరుందా, ఈ తేడా గమనిస్తే చాలు. కొన్ని పొట్టి మాటలు తెలిస్తే సరిపోతుంది, ఐబిడ్ అంటే ఇందాక చెప్పిన చోటే, పాసిమ్ అంటే ఆ పుస్తకంలో అక్కడక్కడా అని, సంవత్సరం ముందు సి అని చిన్నక్షరం ఉంటే సుమారుగా అని. రెక్టో, వెర్సో అంటే ఆకుకి ముందు వైపు, వెనక వైపు, మన తాటాకు గ్రంథాలు చూసినవాళ్ళకి ఇది వెంటనే తెలిసిపోతుంది. ఎమ్‌జీహెచ్ అని పదే పదే కనిపిస్తుంది, అది మధ్యయుగపు మూలగ్రంథాల్ని అచ్చు వేయడానికి జర్మనీలో 1819లో మొదలైన పెద్ద ప్రాజెక్టు, మనకి సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ సంపుటాలు ఎలాగో వాళ్ళకి అది అలాగ.

ఇప్పుడు మాటల సంగతి. ఫ్యూడలిజం అని చూడగానే మనం జమీందారీ అనుకుంటాం, సెర్ఫ్ (ప్రభువు భూమికి కట్టుబడ్డ రైతు) అంటే పాలేరు అనుకుంటాం. మన జిల్లాల వాళ్ళకి ఈ ప్రమాదం ఎక్కువ, బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి కోటల కథలు వింటూ పెరిగాం కాబట్టి. మోర్‌బాత్ గొర్రెల్ని మన అఖండ దీపంతో పోల్చుకోవడం మంచిదే, పోల్చుకుని లోపలికి వెళ్ళాక రెండింటికీ తేడా ఎక్కడొస్తుందో వెతకడం ఇంకా ముఖ్యం. మాన్యం, కౌలు, వెట్టి, శిస్తు ఈ మాటలకి మన చట్టాలూ మన పద్ధతులూ ఉన్నాయి, అవి మోసుకెళ్ళి అక్కడ అతికిస్తే పుస్తకం తప్పుగా అర్థమవుతుంది. నేను చేసేదేంటంటే ఫీఫ్ (స్థూలంగా, సేవకి బదులు ప్రభువు ఇచ్చిన భూమి), వాసల్ (ప్రభువుకి విధేయుడిగా ఉంటానని మాటిచ్చినవాడు), సెర్ఫ్, గిల్డ్ (వృత్తిపనివాళ్ళ, వర్తకుల సంఘం) లాంటి మాటలు అనువాదం చెయ్యకుండా నోటుబుక్కు చివర్లో ఒక్కోదానికి ఒక్కో పేజీ ఇస్తాను, ఈ రచయిత ఈ మాటని ఏ అర్థంలో వాడాడు అని పేజీ నంబరుతో రాసుకుంటాను. మూడు నాలుగు పుస్తకాలయ్యాక ఒకే మాటకి మూడు నాలుగు అర్థాలు కనిపిస్తాయి. అసలు ఫ్యూడలిజం అనే మాటే ఒక ఉచ్చు అని ఎలిజబెత్ బ్రౌన్ 1974లో ఒక వ్యాసం రాసింది, తర్వాత వాళ్ళు కట్టిన చట్రాన్ని వెనక్కి తీసుకెళ్ళి మధ్యయుగం మీద పెట్టామని ఆవిడ వాదన. 1994లో సూసన్ రేనాల్డ్స్ ఫీఫ్స్ అండ్ వాసల్స్ అని మొత్తం పుస్తకమే రాసి ఆ మాటల పునాదుల్నే కదిలించింది. మన దేశంలో కూడా ఇదే గొడవ నడిచింది తెలుసా, ఆర్.ఎస్. శర్మ 1965లో ఇండియన్ ఫ్యూడలిజం రాస్తే హర్బన్స్ ముఖియా 1981లో అసలు భారత చరిత్రలో ఫ్యూడలిజం ఉందా అని ప్రశ్నిస్తూ వ్యాసం రాశాడు. మా వాడు తెచ్చిన బ్లోక్ పుస్తకాన్ని ఈ గొడవంతా తెలిశాక తెరిస్తే అదే పుస్తకం వేరేగా కనిపిస్తుంది, అందుకే ముందు వద్దన్నాను.

పేర్లు కూడా ఇబ్బంది పెడతాయి. ఒకే మనిషి స్పెయిన్ పుస్తకంలో మొదటి కార్లోస్, జర్మనీ పుస్తకంలో ఐదో కార్ల్, ఇంగ్లీషు పుస్తకంలో ఐదో చార్లెస్, ముగ్గురూ 1500లో గెంట్‌లో పుట్టిన ఒక్కడే. ఊళ్ళూ అంతే, పాత పుస్తకంలో బ్రెస్లావ్ ఇప్పటి మ్యాపులో వ్రోత్స్వావ్. మన ఊళ్ళకే ఇలాగుంది చూడండి, పాత యూరోపియన్ల పుస్తకాల్లో శ్రీకాకుళం కావాలంటే ఇండెక్సులో చికాకోల్ అని వెతకాలి, విజయనగరాన్ని హంపీ విజయనగరంతో కలిపేసిన వాళ్ళు కూడా ఉన్నారు. ఒక చారిత్రక అట్లాస్ పక్కన పెట్టుకుని చదివితే సగం తలనొప్పి తగ్గుతుంది.

తేదీల దగ్గర మాత్రం మన జిల్లాల వాళ్ళకి మంచి తయారీ ఉంది. తూర్పు గాంగుల శాసనాలు గంగ శకంలో ఉంటాయి, తర్వాతి వాటిలో అంక సంవత్సరాలుంటాయి, రాజు ఏలుబడి లెక్కపెట్టేటప్పుడు 1 వదిలేస్తారు, 6తో అంతమయ్యేవీ, 10 తప్ప సున్నాతో అంతమయ్యేవీ వదిలేస్తారు, అంటే శాసనంలో ఉన్న అంకె వేరు, అసలు గడిచిన ఏళ్ళు వేరు. ఇది ఒకసారి అర్థమైనవాడికి యూరప్ తేదీలు పెద్ద కష్టం కాదు. 1582లో పోప్ పదమూడో గ్రెగరీ క్యాలెండరు మార్చాడు, ఆ పద్ధతి ఒప్పుకున్న చోట అక్టోబరు 4 తర్వాత రోజు అక్టోబరు 15 అయింది. ఇంగ్లండు ఒప్పుకోలేదు, 1752 దాకా పాతదే. అందుకని 1600 ప్రాంతంలో పారిస్‌లో ఉత్తరం మీద తేదీకి లండన్ తేదీకి పది రోజులు తేడా. ఇంకోటి, ఇంగ్లండులో 1752కి ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, వాళ్ళ రాజు మొదటి చార్లెస్‌ని తల నరికింది వాళ్ళ పాత క్యాలెండరులో జనవరి 30న, సంవత్సరం మన లెక్కలో 1649, వాళ్ళ అప్పటి కాగితాల్లో మాత్రం 1648. ముందుమాట చివర్లో తేదీల గురించి ఒక చిన్న పేరా ఉంటుంది, చాలామంది దాటేస్తారు, మీరు దాటెయ్యకండి.

డబ్బు గురించి ఒక్క మాట. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. 12 పైలు ఒక అణా, 16 అణాలు ఒక రూపాయి అని లెక్కపెట్టిన తాతలు ఉంటే వాళ్ళకి ఇది క్షణంలో తెలుస్తుంది. ఆ మొత్తాల్ని ఇప్పటి రూపాయల్లోకి మార్చకండి, ఆ పుస్తకంలోనే ఒక కూలీ రోజుకి ఎన్ని పెన్నీలు తెచ్చుకున్నాడో వెతికి దాంతో పోల్చండి.

రెండు మూడు పుస్తకాలయ్యాక అసలు రుచి మొదలవుతుంది, అది జంటగా చదవడం. ఒక పుస్తకం, దాన్ని కాదన్నవాడి వ్యాసం, దానికి మళ్ళీ జవాబు. దీనికి నాకు తెలిసి అన్నిటికన్నా మంచి జంట మార్టిన్ గేర్ కేసు. ఫ్రాన్సులో ఆర్తిగా అనే ఊళ్ళో మార్టిన్ గేర్ అనే రైతు 1548లో ఇల్లొదిలి వెళ్ళిపోయాడు, 1556లో వచ్చినవాడు నేనే మార్టిన్ అన్నాడు, భార్య బెర్త్రాండ్ ఒప్పుకుంది, మూడేళ్ళకి పైగా కాపురం చేశారు, తర్వాత చిన్నాన్నతో ఆస్తి తగువు, కేసు తూలూజ్ కోర్టుకి వెళ్ళింది. 1560లో తీర్పు ఇంచుమించు అతనికి అనుకూలంగా వచ్చేస్తుండగా కొయ్యకాలుతో అసలు మార్టిన్ కోర్టులోకి వచ్చాడు. వేషం కట్టినవాడు ఆర్నో దు తీల్, ఉరి తీశారు. కేసు విన్న జడ్జి ఝాన్ ద కోరాసే తర్వాత ఏడాది దాని మీద పుస్తకం రాశాడు. నటాలీ జీమన్ డేవిస్ అనే చరిత్రకారిణి 1983లో రాసిన ద రిటర్న్ ఆఫ్ మార్టిన్ గేర్ పుస్తకంలో బెర్త్రాండ్ మోసపోలేదు, తెలిసే అతనితో కలిసి బతకాలని నిర్ణయించుకుంది అంటుంది. 1988లో రాబర్ట్ ఫిన్లే, కాగితాల్లో ఆ మాట లేదు, మీరు ఊహించి రాశారు అన్నాడు, డేవిస్ అదే పత్రిక అదే సంచికలో జవాబిచ్చింది. ఈ మూడూ వారం రోజుల్లో చదివెయ్యొచ్చు. మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే జరిగింది, మా అక్క అంటే మా వాడి అమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే "పక్కలో పడుకున్న మొగుడెవరో ఆడదానికి తెలీకుండా ఉంటుందేట్రా" అంది. మా వాడు "కాగితంలో ఏదమ్మా" అన్నాడు. డేవిస్, ఫిన్లే తగువు అంతా ఇదే. నేను డేవిస్ వైపు, కానీ ఆవిడ "బహుశా" అన్న ప్రతిచోటా పెన్సిలుతో గుర్తు పెట్టుకుని చదివాకే ఆ వైపు వెళ్ళాను. మీరు కూడా ఆ గుర్తులు పెట్టండి, బహుశా, అయ్యుండాలి, అనుకోవచ్చు లాంటి మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో చూస్తే సాక్ష్యం ఎక్కడ ఆగింది, ఊహ ఎక్కడ మొదలైంది తెలిసిపోతుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే, కొత్త గట్టి అట్ట పుస్తకాల ధర వేలల్లో ఉంటుంది, వాటి జోలికి పోవద్దు, పేపర్‌బ్యాక్ వచ్చేదాకా ఆగండి. పాతవి చాలా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, కాపీరైటు పోయినవి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మిగతావి కొన్ని కాసేపు అరువు తీసుకుని స్క్రీన్ మీద చదువుకోవచ్చు. ఐలీన్ పవర్ 1924లో రాసిన మెడీవల్ పీపుల్ ఇలాగే ఉచితంగా దొరుకుతుంది, పారిస్ దగ్గర ఒక మఠం భూముల లెక్కలోంచి బోడో అనే రైతుని బతికించి చూపిస్తుంది, ఇంగ్లీషు కూడా సులువు, చేతిలో డబ్బు లేనివాళ్ళు దీంతోనే మొదలెట్టండి. వ్యాసాలకి జేస్టోర్‌లో ఉచిత ఖాతా తెరిస్తే నెలకి కొన్ని పదుల వ్యాసాలు ఆన్‌లైన్లో చదువుకోవచ్చు. మూలాలు అనువాదంలో కావాలంటే ఫోర్డమ్ యూనివర్సిటీవాళ్ళ ఇంటర్నెట్ మెడీవల్ సోర్స్‌బుక్ ఉంది. ప్రభుత్వ కాలేజీల్లో చదివేవాళ్ళు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద మీ కాలేజీకి జర్నల్స్ వస్తున్నాయేమో లైబ్రేరియన్ని అడగండి, 2025లో మొదలైంది, అడిగేవాళ్ళు తక్కువ. ఏదైనా పుస్తకం చూసి తీరాలంటే ముందే మాట్లాడుకుని ఒక రోజు వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళండి. ఒక జాగ్రత్త, ఆన్‌లైన్లో చవగ్గా కనిపించే పాత పుస్తకాల రీప్రింట్లు కొనేముందు చూసుకోండి, నేను కొన్న ఒకదాంట్లో మ్యాపులు లేవు, ఫుట్‌నోట్లు సగం తెగిపోయాయి, స్కాన్ చేసి గుడ్డిగా అచ్చేసేశారు.

నోటుబుక్కు మాత్రం తప్పదు. ఎడమ పేజీలో రచయిత చెప్పింది పేజీ నంబరుతో, కుడి పేజీలో నా అనుమానాలు, నాకు గుర్తొచ్చినవి. ఎడమ పేజీ నిండిపోయి కుడి పేజీ ఖాళీగా ఉంటే ఆ రోజు నేను సరిగ్గా చదవలేదని లెక్క. రోజుకి ఇరవై పేజీలు చాలు, పండగ రోజుల్లో పది. ఫెర్నాండ్ బ్రోదెల్ మెడిటరేనియన్ లాంటి మహా గ్రంథానికి మాత్రం ఏడాది పెట్టుకోండి, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి ఖైదీగా దొరికి క్యాంపులో స్కూలు నోటుబుక్కుల్లో చాలావరకు జ్ఞాపకం మీదే దాన్ని చిత్తు ప్రతి రాశాడాయన, 1949లో అచ్చయింది. బ్లోక్ అయితే నాజీల మీద రహస్య పోరాటంలో చేరి పట్టుబడి 1944 జూన్ 16న కాల్పులకి బలయ్యాడు, చరిత్ర రాయడం గురించి ఆయన రాస్తున్న పుస్తకం (ఇంగ్లీషులో ద హిస్టారియన్స్ క్రాఫ్ట్) సగంలోనే ఉండిపోయింది, అది చిన్న పుస్తకం, మోర్‌బాత్, మెనోక్కియో, మార్టిన్ గేర్ అయ్యాక అది చదివి అప్పుడు ఫ్యూడల్ సొసైటీకి రండి.

మా వాడికి ఇంకో పని కూడా పెట్టాను. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24. అది మన ఇంటి కథ అనుకుంటాం, కానీ ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికి ఎందుకొచ్చాడంటే 1753లో నిజాం ఉత్తర సర్కార్లని ఫ్రెంచివాళ్ళకి ఇచ్చాడు కాబట్టి, పైగా అప్పటికే వాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ 1756లో మొదలైన ఏడేళ్ళ యుద్ధం నడుస్తోంది. అంటే ఎర్లీ మోడర్న్ యూరప్ చరిత్ర మన బొబ్బిలి కోట గోడ దాకా వచ్చింది. ఆ యుద్ధాన్ని ఇంగ్లీషులో వివరంగా రాసింది రాబర్ట్ ఓర్మ్, హిందూస్థాన్‌లో బ్రిటిష్‌వాళ్ళ యుద్ధాల మీద ఆయన రాసిన చరిత్రలో 1778లో వచ్చిన రెండో సంపుటంలో ఉంది, ఆర్కైవ్‌లో ఉచితం. ఓర్మ్ ఆ రోజు బొబ్బిలిలో లేడు, మద్రాసులో కంపెనీ కౌన్సిల్లో ఉన్నాడు. అది చదివి, ఈయనకి ఎవరు చెప్పుంటారు, ఏ భాషలో చెప్పుంటారు, ఎవరి మాట వినబడట్లేదు అని కుడి పేజీలో రాసుకుని ఉగాదికి రమ్మన్నాను. నిన్న ఫోన్ చేసి కుడి పేజీ చాల్లేదు మావయ్యా, ఇంకో పుస్తకం కుట్టుకున్నాను అన్నాడు.